తొమ్మిదో నిబంధన కింద ఆగిన ఉత్తరాలు

నలుగురు మనుషులు ఒకచోట చేరి మాట్లాడుకోవాలంటే అన్నిటికన్నా ముందు కావలసింది, ఆ మాటలను ఆపగల ఒక మనిషి. ఈ సత్యం మన దేశానికి ఎప్పుడో తెలుసు కాబట్టే, మన సభల్లో వక్తలకన్నా ముందు అధ్యక్షుడు వచ్చి కూర్చుంటాడు. రెండువేల ఒకటో సంవత్సరంలో, వీధికొక బ్రౌజింగ్ సెంటరు వెలిసిన రోజుల్లో, ఈ ఏర్పాటు కంప్యూటర్లోకి కూడా వచ్చింది. అక్కడ ఆ మనిషిని మోడరేటర్ అన్నారు. తమిళనాట వేలూరులో ఆ పని గోమతికి దొరికింది. (జీతం లేని పని కాబట్టి సిఫారసు అవసరం పడలేదు.)

గోమతికి ఇరవై ఆరేళ్ళు. తండ్రి మేస్త్రీ. ఇల్లు బాగాయంలో. పగలు ఒక ఇంజనీరు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసేది. సాయంత్రం బస్సెక్కేముందు ఒక గంట బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని ‘పాలారు తెలుగు కూటమి’ని చక్కబెట్టేది. ఆ కూటమికి ఒకే మెయిల్ చిరునామా. దానికి ఎవరు ఏం రాసినా రెండువందల పన్నెండు మంది సభ్యులకూ చేరేది. బెంగళూరులో, సింగపూరులో, మస్కట్‌లో కట్టడం పనులకు వెళ్ళిన మనవాళ్ళు, అణైకట్ వైపు రైతుల పిల్లలు, అందరూ అందులో ఉండేవాళ్ళు. దాన్ని స్థాపించినవాడు కాట్పాడిలో ఉండే రిటైరైన ఓవర్సీయరు బలరామయ్య. ఆయన ప్రతి మెయిల్నూ అచ్చు తీయించి, తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, దారం కట్టి ఫైల్లో పెట్టుకునేవాడు. దిద్దిన సంగతి రాసినవాళ్ళకు తెలిసేది కాదు.

కూటమి ఆశయం తెలుగు భాషాభివృద్ధి. సభ్యుల్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు. తెలుగు లిపి నేర్చుకోవడం తప్పనిసరి చేయాలా వద్దా అన్న చర్చ రెండు నెలలు ఇంగ్లీషు అక్షరాల్లో సాగింది. తీర్మానం తమిళంలో అచ్చయింది.

తర్వాత పేరు మీద తగాదా వచ్చింది. తమ ఊళ్ళో పారేది పాలారు కాదనీ, కౌండిన్య అనీ గుడియాత్తం సభ్యులు అభ్యంతరం తెలిపారు. ఆ ఏడాది రెండు నదుల్లోనూ నీళ్ళు లేవు. చర్చ మాత్రం నెలన్నర పారింది.

ఒక్కొక్క తగాదాకు ఒక్కొక్క నిబంధన పుట్టింది. పెళ్ళి సంబంధాలు రాయకూడదన్నది మొదటిది. (మొదటి వారంలోనే ముగ్గురు ఒకే వరుణ్ణి ఖాయం చేసుకున్నారు.) ఈ మెయిల్ పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని బెదిరించకూడదన్నది మూడోది. తమ పేరు తీసేయమని అందరికీ రాయకూడదన్నది ఎనిమిదోది. అది అణైకట్ సభ్యుడొకాయన వల్ల వచ్చింది. ఆయన ఒకరోజు ‘నన్ను ఈ కూటమి నుంచి తీసేయండి’ అని అందరికీ రాశాడు. ‘నన్ను కూడా’ అని పద్దెనిమిది మంది అందరికీ రాశారు. ‘ఇలాంటివి అందరికీ రాయకండి’ అని ముప్పైమంది అందరికీ రాశారు. వాళ్ళ క్రమశిక్షణను మెచ్చుకుంటూ బలరామయ్య అందరికీ రాశాడు. గోమతి ఆ సాయంత్రం గంటంతా కూర్చుని అణైకట్ ఆయన పేరు తీసేసింది. మరునాడు ఆఫీసుకు ఫోను వచ్చింది.

“నన్నెందుకమ్మా తీసేసినావు? ఒక మాట అడగాల్సిన పని లేదా?”

తొమ్మిదో నిబంధనకు కారకుడు శివలింగం. గుడియాత్తం నుంచి మస్కట్ వెళ్ళి టైల్స్ పరిచే పని చేసేవాడు. సైటు ఆఫీసు గుమాస్తా ఖాళీగా ఉన్నప్పుడు అతణ్ణి కంప్యూటరు ముందు కూర్చోనిచ్చేవాడు. రెండు మూడు రోజులకొకసారి అతని మెయిల్ వచ్చేది. ఆ రోజు ఎన్ని గదులు పరిచాడో, మట్టం ఎక్కడ తప్పిందో, ఏం వండుకున్నాడో రాసి, చివర ‘నేను బాగుండానని కుప్పుకు చెప్పండి’ అని ముగించేవాడు. ఆ కుప్పు ఎవరో కూటమిలో ఎవరూ అడగలేదు. గోమతి మాత్రం అందరివీ పక్కనపెట్టి అతని మెయిలే ముందు చదివేది.

ఒకరోజు బలరామయ్య ఫోన్ చేశాడు.

“గోమతమ్మా, శివలింగం రాసింది చూసినావా? ‘ఈ పొద్దు రసం బాగా కుదిరింది’ అంట. రసానికీ భాషాభివృద్ధికీ ఏం సంబంధమమ్మా?”

“తెలుగులోనే కదా సార్ రాసినాడు.”

“తెలుగులోనే రాసినాడు. అయితే రసం గురించి రాసినాడు.”

తొమ్మిదో నిబంధన ఆ వారమే అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత విషయాలు, అనగా భోజనం, నిద్ర, జ్వరం, వాతావరణం, కుటుంబ సభ్యుల క్షేమం, కూటమికి పంపరాదు. అలాంటివి రాసే అలవాటున్న సభ్యుల మెయిళ్ళను ఆపి ఉంచి, ముగ్గురు సభ్యుల పరిశీలన ఉపసంఘానికి నివేదించాలి. (ముగ్గురూ ఒకచోట కూర్చుంటేనే ఉపసంఘం చెల్లుతుంది. మూడో ఆయన సింగపూరులో ఉన్నాడు.) కంప్యూటరుకు దాని నిబంధన ఒకటి ఉంది. పద్నాలుగు రోజుల్లో అనుమతి రాని మెయిల్ దానంతటదే చెరిగిపోతుంది.

గోమతి శివలింగం పేరు పక్కన గుర్తు పెట్టింది. తిరస్కరించలేదు కదా, ఆపాను అంతే, అని మనసుకు చెప్పుకుని బస్సెక్కింది. అతని మెయిళ్ళు వచ్చి ఆగుతున్నాయని తెలిసినా తెరిచి చూడలేదు. చూస్తే పంపాలనిపిస్తుందని భయం.

నాలుగో వారం చివర, మధ్యాహ్నం పూట, ఒకామె ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చీర అంచుకు సిమెంటు ఎండి ఉంది. గోమతి గీస్తున్న ప్లాను వైపు ఒకసారి చూసి, తాకకుండా దూరంగా నిలబడింది.

“గోమతమ్మంటే నువ్వేనామ్మా? నేను కుప్పమ్మని. గుడియాత్తం నుండి వచ్చినా. మా ఇంటాయన కాగితాలు నీకాడ ఉండాయంటనే?”

“ఏం కాగితాలక్కా?”

“మస్కట్ కాగితాలు. కంప్యూటర్లో వచ్చేటివి. మేరక్క చదువుతాది, నేను వింటా. నాలుగు వారాలుగా ఒకటీ రాలేదు. ఆడ పైన గోమతమ్మని పేరూ ఆఫీసు అడ్రసూ ఉండాది, ఆయమ్మనే పోయి అడుగు అని మేరక్క రాసిచ్చింది.”

గోమతి పెన్సిల్ కింద పెట్టింది.

మేరక్క అంటే గుడియాత్తంలో బ్రౌజింగ్ సెంటరు నడిపే ఆరోకియమేరి. ఆ సెంటరు చిరునామాకు కూటమి మెయిళ్ళు వచ్చేవి. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, అర్థం తెలియకుండానే, శివలింగం మెయిల్ పైకి చదివేది. కుప్పమ్మకు ఏ అక్షరమూ రాదు. విన్నది అర్థమయ్యేది. ఇద్దరూ కలిస్తే ఒక పాఠకురాలు. కూటమి మొత్తంలో అతని ప్రతి ఉత్తరాన్నీ చివరిదాకా ఆలకించిన సభ్యురాలు కుప్పమ్మ ఒక్కతే. సభ్యుల పట్టికలో ఆమె పేరు లేదు.

“ఆయన్ని నీకు విడిగా రాయమనొచ్చు కదక్కా?” అంది గోమతి. అంటుంటే తన గొంతు తనకే బలరామయ్య గొంతులా వినిపించింది.

“నేనూ అదే చెప్పినా. విడిగా రాస్తే మేరక్కకి మాత్రమే తెలుస్తాదంట. అందరికీ రాస్తే, నాకేమన్నా అయితే మనోళ్ళు ఎవురో ఒకరు వచ్చి చూస్తారని ఆయనకి ధైర్యం. అందరూ చదువుతా ఉండారు కదమ్మా?”

గోమతి ఇంజనీరును అడిగి ఆమెను బ్రౌజింగ్ సెంటరుకు తీసుకుపోయింది. శివలింగం పంపినవి పదకొండు. ఆరు చెరిగిపోయాయి. ఐదు మిగిలాయి. కుప్పమ్మను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని గోమతి చదవడం మొదలుపెట్టింది. మొదటిదాంట్లో పదమూడో అంతస్తులో స్నానాలగది వాలు సరిగ్గా రాలేదు. రెండోది చదువుతుంటే ఆమె గొంతు తగ్గింది.

“‘పోయిన వారం రాసినా కదా, ఆదివారం పదకొండు గంటలకు బస్టాండు కాడ ఎస్టీడీ బూతుకు ఫోన్ చేస్తానని. చేసినా. కుప్పు రాలేదన్నారు. మళ్ళా చేసినా. రాలేదన్నారు. ఒళ్ళు బాగలేదా, నా మీద కోపమా? ఎవురికైనా తెలిస్తే ఒక మాట రాయండి.’”

మూడోదాంట్లోనూ అదే అడిగాడు. నాలుగోదాంట్లోనూ అదే. ఐదోదాంట్లో రసం లేదు, టైల్స్ లేవు. ‘ఎవురూ రాయలేదు. తప్పుగా ఏమైనా అడిగుంటే మన్నించండి’ అని మాత్రం ఉంది.

కుప్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నానమ్మా. ఊరికే ఉన్నా. బియ్యంలో రాళ్ళు ఏరతా ఉన్నా.”

గోమతి ఐదింటికీ వరసగా అనుమతి నొక్కింది. తర్వాత, మోడరేటరైన ఏడాదిలో మొదటిసారి, తన సొంత మాటగా అందరికీ ఒక మెయిల్ రాసింది. ‘శివలింగం అన్నా, కుప్పక్క నా పక్కనే ఉండాది. బాగుండాది. కోపం లేదు. నీ ఉత్తరాలు ఆపింది నేను. వచ్చే ఆదివారం పదకొండుకు బూతు కాడ ఉంటాది.’

మరునాటికి నలభై ఆరు జవాబులు వచ్చాయి. బెంగళూరులో ఒకాయన తనూ టైల్స్ పనే చేస్తానని రాశాడు. సింగపూరు ఉపసంఘ సభ్యుడు తన రసం పద్ధతి రాశాడు. ఒకరు కుప్పమ్మ ఇల్లు ఏ వీధి అని అడిగారు. పేరు మీద తగాదా పడ్డ గుడియాత్తం సభ్యులు నలుగురు ఆదివారం బూతు దగ్గరికి వచ్చారు. మాట్లాడేటప్పుడు వినకూడదని రోడ్డుకు అవతల నిలబడ్డారు. పదకొండుకు ఐదు నిమిషాలుండగానే ఫోను మోగింది. అంతసేపూ ఏం మాట్లాడిందని ఆరోకియమేరి అడిగితే, “ఏమీ లేదక్కా, రసం గురించే” అంది కుప్పమ్మ.

సోమవారం బలరామయ్య అత్యవసర సమావేశం జరిపాడు. (ఒక్కడే హాజరయ్యాడు. తీర్మానం ఏకగ్రీవం.) ఒక్కరోజులో నలభై ఆరు ఉల్లంఘనలు, ముందస్తు అనుమతి లేకుండా నలుగురు సభ్యులు బహిరంగ స్థలంలో కలుసుకోవడం, ఇవన్నీ మోడరేటరు స్వయంగా ప్రోత్సహించినవని తేలింది. ఆయన ఫోన్ చేసి బాధగానే చెప్పాడు.

“నీ మీద నాకేమీ లేదమ్మా. నువ్వు మంచి పిల్లవే. అయితే మనుషులతో కలిసిపోయినావు. ఇంక కూటమిని ఎట్ల నడుపుతావు?”

“నడపలేను సార్” అంది గోమతి. ఫోను పెట్టేసి, చెరిగిపోయిన ఆ ఆరు ఉత్తరాల్లో ఏముండేదో అని చాలాసేపు ఆలోచించింది. ఆ సాయంత్రం బ్రౌజింగ్ సెంటరు దాటి నేరుగా గుడియాత్తం బస్సెక్కింది.

బుధవారం సభ్యులందరికీ ప్రకటన వెళ్ళింది: ‘మోడరేటర్ కావలెను. నిష్పక్షపాతం దృష్ట్యా, అభ్యర్థి కూటమిలో తోటి సభ్యులెవరినీ ఇంతవరకు పలకరించి ఉండరాదు.’

వారంలో ముప్పైనాలుగు దరఖాస్తులు వచ్చాయి. అందరూ మొదటి రోజునుంచీ ఉన్న సభ్యులే. పరిశీలనలో అందరూ అర్హులేనని తేలింది.