హెడ్మాస్టరు గారి పుక్కిలింత పథకం

సోమవారం పొద్దున హెడ్మాస్టరు కత్సుమతా గారు స్కూలు గేటు దగ్గర నిలబడి, పిల్లలు వంగి వంగి పెడుతున్న నమస్కారాలు అందుకుంటూ, మనసులో ఒకటే మొక్కుకుంటున్నారు. శుక్రవారం దాకా ఒక్క పిల్లకాయ కూడా తుమ్మకూడదు. అంతకు మించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

శుక్రవారం జిల్లా స్కూళ్ళ పెద్ద తాడు పందెం. ఇద్దరు తాడు తిప్పుతుంటే తరగతి తరగతంతా ఒకరి వెనక ఒకరు దూకుతూ పోవాలి. ఒక్కరి కాలు తగిలినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. జపాన్‌లో షిజువోకా టీ కొండల మీదున్న ఆ చిన్న బడి ఈ పందెంలో ఎన్నడూ గెలిచిన పాపాన పోలేదు. పైగా పిల్లలు చాలక వచ్చే ఏప్రిల్లో దాన్ని కింద పట్నం స్కూల్లో కలిపేస్తున్నారు. అంటే ఇదే ఆఖరి పందెం. కత్సుమతా గారు చిన్నప్పుడు చదువుకున్నదీ ఆ బడిలోనే కాబట్టి, కనీసం పోయే ముందైనా దాని పేరు ఒక్కసారి మైకులో వినాలని ఆయన ఆశ. ఈసారి ఆరో తరగతి వాళ్ళు వేళ్ళు కొంకర్లు పోయే చలిలో కూడా దూకుతూనే ఉన్నారు. గెలిచేలాగే ఉన్నారు.

అడ్డం పడగలిగింది ఒక్క ఫ్లూ. కింద పట్నంలో అప్పుడే రెండు స్కూళ్ళు తలుపులు వేసుకున్నాయి. తరగతిలో మూడో వంతు మంది పడకేస్తే ఆ తరగతి మూసెయ్యాలి. మూసిన తరగతి పందేనికి వెళ్ళకూడదు. నియమం అంటే నియమమే.

ఆయన గదిలోకి వెళ్ళేసరికి ఫోను మోగుతోంది. బడిలో పిల్లల ఆరోగ్యం చూసుకునే ఇవాషితా టీచరు.

"సార్, మా పిల్లాడు ఫ్లూ అంటించుకొచ్చాడు. గురువారం దాకా నేను ఇల్లు కదలను. నేను లేను కదా అని మీరు సొంత వైద్యం మొదలెట్టకండి."

"నేనెందుకు మొదలెడతానమ్మా!"

"మీరు మొదలెడతారు, నాకు తెలుసు. ఎప్పటిలాగే పిల్లలతో రోజుకి రెండుసార్లు టీ పుక్కిలింపించండి. కిటికీలు తెరిచి ఉంచండి. అంతే. టీ పల్చగా ఉండాలి, ముదురాకుది చాలు."

"పల్చగా. ముదురాకు. రాసిపెట్టుకున్నట్టే అనుకో."

ఆ కొండల్లో చలికాలం వచ్చిందంటే బళ్ళలో గ్రీన్ టీతో పుక్కిలించడం మామూలే. కాకపోతే ఆ పొద్దున బడిలో ముదురాకు అయిపోయింది. కత్సుమతా గారు టీ రైతుల సంఘం పెద్ద మొచిజుకి గారికి ఫోన్ చేశారు.

"పిల్లల గొంతుల కోసం కాస్త టీ కావాలండీ. ఏదైనా ఫరవాలేదు, ముదురాకు చాలు."

అవతల మొచిజుకి గారు అంతెత్తున లేచారు.

"ఏదైనా ఫరవాలేదా? మన బడి ఆఖరి ఏడు, మన పిల్లల నోట్లో ముదురాకు పోస్తావా? ఏమయ్యా కత్సుమతా, నువ్వు ఈ కొండ మీద పుట్టినవాడివేనా?"

గంట తిరక్కుండా చిన్న ట్రక్కు గేట్లోకి వచ్చింది. అందులో పెద్ద పెద్ద క్యాన్లు, అప్రాన్లు కట్టుకున్న సంఘం ఆడవాళ్ళు, ముందు సీట్లో పెళ్ళికొడుకులా మొచిజుకి గారు. తెచ్చింది వసంతంలో కోసిన మొదటి చిగురు. కత్సుమతా గారు ఒక గుక్క తాగి చూశారు. రెండు కనుబొమలూ నుదుటి మీదికి ఎక్కాయి.

"కాస్త చిక్కగా ఉన్నట్టుందండీ..."

"చిక్కగా లేకపోతే జబ్బు భయపడుతుందా?"

పెద్దాయన మాట కాదనడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు. కత్సుమతా గారు వంగి కృతజ్ఞతలు చెప్పారు, మొచిజుకి గారు వంగి పరవాలేదన్నారు, ఈయన మళ్ళీ వంగారు. ఇవాషితా టీచరు చెప్పిన ముక్క ఆ వంగడాల్లో ఎక్కడో జారిపడిపోయింది. ఇక పొద్దునా మధ్యాహ్నమూ కొళాయిల దగ్గర పిల్లలు తలలెత్తి గుళగుళమని పుక్కిలిస్తుంటే ఆయనకు తన గదిలోకి సంగీతంలా వినిపించింది. లేచి వెళ్ళి చూడాలని మాత్రం తోచలేదు.

మంగళవారం గేటు దగ్గర పిల్లల కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆరో తరగతి జట్టు నాయకురాలు కోహారు నమస్కారానికి వంగి, అలాగే కాసేపు ఉండిపోయింది.

"ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?"

"గుండె దడదడలాడుతోంది మాస్టారూ. రాత్రంతా కన్ను మూతపడలేదు."

"గొంతు నొప్పా?"

"లేదండీ. గొంతు భేషుగ్గా ఉంది."

కత్సుమతా గారు ఇది ఫ్లూయే అనుకున్నారు. ప్రతి పిల్ల నుదుటి మీదా, ప్రతి పిల్లవాడి మెడ మీదా చెయ్యి వేసి చూశారు. థర్మామీటరు పెడితే జ్వరం లేదంది. ఇంకోటి పెట్టారు, అదీ లేదంది. బడిలో థర్మామీటర్లన్నీ ఒకేసారి చెడిపోయాయని ఆయన తేల్చుకున్నారు. జబ్బు ముదరకముందే కొట్టాలని, ప్రతి గంట కొట్టగానే పుక్కిలించాల్సిందేనని ఆజ్ఞ వేసి, ఇంకాస్త టీ కోసం మొచిజుకి గారికి ఫోన్ చేశారు.

"పిల్లలు నలతగా ఉన్నారండీ. ఫ్లూ వచ్చినట్టుంది."

"మా టీ పుచ్చుకున్నాక కూడా వచ్చిందా!" పెద్దాయన ఫోన్లోనే గర్జించారు. "ఇంత అవమానం నా జన్మలో లేదు. ఉండు, పందిరి నీడలో పెంచిన ఆకు ఉంది. పెద్ద పెద్ద అధికారులు వస్తేనే ఆ డబ్బా మూత తీస్తాం. అది పంపిస్తా."

అది మొదటి చిగురును మించిన సరుకు. బుధవారం ఆరో తరగతిలో సగం మంది రాలేదు. తెల్లారేదాకా దొర్లి దొర్లి ఇప్పుడే పడుకున్నారని, ఎంత లేపినా లేవడం లేదని తల్లులు వరసగా ఫోన్లు. వచ్చినవాళ్ళ సంగతి చెప్పడానికి తరగతి టీచరు తోజుకా అనే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"సార్, భిన్నాలు చెబుతుంటే పిల్లలు నిద్రపోతున్నారు."

"అది ఎప్పుడూ ఉండేదే కదయ్యా."

"ఇవాళ ముందు వరస కూడా సార్."

కత్సుమతా గారు బడి డాక్టరుకి ఫోన్ చేశారు. ఆయన ఆసుపత్రిలో దగ్గులు ఫోన్లోంచే వినిపిస్తున్నాయి.

"సగం మంది రాలేదా? ఇంకేం చూస్తారు, మూసెయ్యండి."

"శుక్రవారం పందెం ఉందండీ. ఒక్క రోజు ఆగనా?"

"రేపు పొద్దున కూడా ఇంతే ఉంటే మాత్రం మూసెయ్యండి. ఇక్కడ నాకు వాకిలి దాకా జనం."

గురువారం పొద్దున కూడా అంతే ఉంది. తరగతి మూసేస్తున్నామని పిల్లలకు ఎలా చెప్పాలో నోట్లో నోట్లో అనుకుంటూ కత్సుమతా గారు వసారాలో నడిచారు. కాళ్ళు బరువుగా ఉన్నాయి, కళ్ళు మండుతున్నాయి. దిగులు వల్లేననుకున్నారు. కొళాయిల దగ్గర ఆరో తరగతిలో మిగిలిన నలుగురూ తలలెత్తి పుక్కిలిస్తున్నారు. గుళగుళ. తర్వాత గుటుక్కుమని ఒక చప్పుడు. ఆయన తొట్టిలోకి తొంగి చూశారు. ఒక్క చుక్క తడి లేదు.

"ఆగండర్రా! మింగుతున్నారా?"

"అవును మాస్టారూ," అంది కోహారు.

"పుక్కిలించి ఉమ్మెయ్యాలి కదే!"

పిల్లలు నలుగురూ ఆయన వంక భయంగా చూశారు.

"మొచిజుకి తాతగారి మొదటి చిగురు ఉమ్మడమా? మా నానమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"మరి ఇన్నేళ్ళూ ఉమ్మారుగా?"

"ఇన్నేళ్ళూ ఇచ్చింది ముదురాకు కదండీ. అది టీ కాదుగా."

కత్సుమతా గారు గోడకు ఆనుకున్నారు. గంట గంటకీ ఒక కప్పు, అదీ అధికారులకిచ్చే సరుకు! ఏనుగుకు పోసినా వారం రోజులు నిద్రపోదు. పోనీ తనైతే ఉమ్మేవాడా? చచ్చినా ఉమ్మేవాడు కాదు. తప్పు పిల్లలది కాదు.

"పల్చగా అన్నానా, లేదా?"

వెనక, సెలవు ముగించుకుని వచ్చిన ఇవాషితా టీచరు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. క్యాన్ల వాసనకే ఆమెకు కథంతా తెలిసిపోయింది. పావుగంటలో బడి ఆమె చేతిలోకి వచ్చింది. టీ బందు. మధ్యాహ్నం అన్నాలు కాగానే జిమ్ములో చాపలు పరిచి బడి మొత్తాన్ని పడుకోబెట్టాలి. ఇళ్ళలో పడుకున్నవాళ్ళు లేవగానే రావచ్చు. జబ్బే లేనప్పుడు మూసెయ్యడమేమిటని డాక్టరుకి ఆమే చెప్పింది.

సరిగ్గా అప్పుడే మొచిజుకి గారి ట్రక్కు కొత్త క్యాన్లతో గేట్లోకి వచ్చింది.

"మీ టీ పిల్లల్ని పడగొట్టిందని ఆయనతో మీరే చెప్పండి," అంది ఇవాషితా టీచరు.

 కత్సుమతా గారు ట్రక్కు దాకా వెళ్ళి వంగారు.

"ఇక అక్కర్లేదండీ. మీ టీ దెబ్బకి జబ్బు పారిపోయింది."

"చెప్పలేదూ!" అని పెద్దాయన స్టీరింగు మీద చరిచి, దారి పొడుగునా హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయారు.

వెనక్కి వచ్చిన కత్సుమతా గారి మొహం కేసి ఇవాషితా టీచరు తేరిపార చూసి, చంకలో థర్మామీటరు పెట్టింది. ముప్ఫై తొమ్మిది డిగ్రీల జ్వరం.

"అది చెడిపోయిందమ్మా."

"చెడిపోయింది అది కాదు, మీరు. నాలుగు రోజులుగా మీరు ఒక్కసారైనా పుక్కిలించారా?"

"నాకు తీరిక ఎక్కడిది?"

"ఫ్లూ తిరుగుతున్న పట్నంలో మీటింగులన్నిటికీ వెళ్ళడానికి మాత్రం తీరిక ఉంది. ఇది అసలు సిసలు ఫ్లూ. ఐదు రోజులు గడప దాటకూడదు."

"రేపు పందెం!"

"పిల్లలకి. మీకు కాదు."

శుక్రవారం కత్సుమతా గారు ఇంట్లో దుప్పటి కప్పుకుని, ఫోను గుండె మీద పెట్టుకుని పడుకున్నారు. మధ్యాహ్నానికి అది మోగింది. తోజుకా అరుపులకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి కోహారు ఫోను లాక్కుంది.

"మాస్టారూ, రెండో స్థానం! తాడు ఎవ్వరికీ తగల్లేదు! నిన్న మధ్యాహ్నం నుంచీ నిద్రపోయాం కదా, కాళ్ళు వాటంతటవే ఎగిరాయి!"

మైకులో బడి పేరు చదవడం ఆయనకు ఫోన్లోంచి వినిపించింది. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, దుప్పటి మొహం మీదికి లాక్కుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అంత సంతోషం ఆయనకు తన పెళ్ళిలో కూడా కలగలేదు.

"ఉండండి మాస్టారూ, మొచిజుకి తాతగారు మైకు లాక్కున్నారు," అంది కోహారు.

"మా టీ తాగిన స్కూలంతా నిలబడింది!" పెద్దాయన గొంతు హాలంతా మారుమోగింది. "తాగని ఒకే ఒక్క మనిషి మంచం పట్టాడు! ఇంకేం రుజువు కావాలి?"

హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. పాతికేళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన కత్సుమతా గారు ఆ మాటలో తప్పు ఎక్కడుందా అని దుప్పటి కింద చాలాసేపు వెతికారు గానీ, దొరకలేదు.