భానుప్రకాష్ కాలి బెణుకు

ఆదివారం పొద్దున్నే భానుప్రకాష్ మంచం దిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ పంచలోకి వచ్చాడు. వాకిట్లో చింతపండు మోకాలెత్తు కుప్ప పోసి ఉంది. అందులో పిక్కలన్నీ ఈసారి మొగుడిచేతే తీయించాలని నీలిమ రాత్రే తీర్మానించింది. మాచర్లలో ఎద్దుల బండలాగుడు పోటీలూ ఆరోజే. అవి చూడకపోతే భానుప్రకాష్‌కి ఏడాదంతా తిన్నది వంటబట్టదు.

"కాలు బెణికిందే. మాచర్ల పోయి చూపించుకొస్తా. మన దోస్తు రిజ్వాన్ బండి తెస్తన్నాడు," అన్నాడు మూలుగుతూ.

"బెణుక్కి మాచర్లెందుకయ్యా, ఇంట్లో చింతచెట్టు పెట్టుకొని," అంటూ నీలిమ గోడమీంచి పక్కింటి జమీలా పిన్నిని కేకేసింది.

బెణుకన్న మాట వింటే పిన్ని పొయ్యిమీది కూర కూడా వదిలేసి వస్తుంది. వస్తూనే చింతాకు మరగబెట్టి, కాలు చాపమంది. ఆ కంగారులో భానుప్రకాష్ కుడికాలు చాపాడు. వేడివేడి కాపడం పడేసరికి ఈసారి నిజంగానే మూలిగాడు. పిన్ని అయ్యో పాపమంటూ, చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు కూడా దట్టంగా వేసింది.

"తగ్గింది పిన్నీ. చానా తగ్గింది."

"అట్టనే అనిపిస్తది. కదిలిస్తే మళ్ళీ మొదలు."

అంతలో పిన్ని భర్త, డోలకులు బాగుచేసే మహబూబ్, గిన్నెతో దిగాడు. అందులో తోలు అతికించే చింతపిక్కల జిగురు. పట్టు జారకుండా పాతగుడ్డలు ఆ జిగురులో ముంచి, తొడదాకా చుట్టి, కాలు ఎండలో పెట్టించాడు. రిజ్వాన్ వచ్చేసరికి అది రోకలిలా బిగుసుకుపోయింది.

బండెక్కిస్తే కాలు గేటుకు అడ్డంపడింది. కాలు ముందుకు తిప్పి కూర్చోబెడితే రిజ్వాన్‌కి చోటు లేదు.

"నువ్వు రెస్టు తీసుకో అన్నా. ఎద్దుల వీడియోలు పంపిస్తాలే," అని అతను వెళ్ళిపోయాడు. భానుప్రకాష్‌కి ఏడుపొక్కటే తక్కువ.

నీలిమ చింతపండు బుట్ట తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. "నొప్పి కాలికేగా. చేతులు బాగానే ఉన్నయ్యిగా."

పొద్దుగూకేసరికి కుప్ప కరిగిపోయింది. పిక్కలన్నీ మహబూబ్ జిగురుకని పట్టుకుపోయాడు. నీలిమ వేడినీళ్ళతో కట్టు నానబెట్టి విప్పింది.

"ఎట్టుంది?"

"నొప్పి మొత్తం పోయిందే. పిన్ని చెయ్యి మంచిది."

"మరి ఎడంకాలు?"

భానుప్రకాష్ గబుక్కున ఎడమకాలు వెనక్కి లాక్కున్నాడు.

"పొద్దున నువ్వు కుంటింది ఆ కాలితోనేగా. కుడికాలు చాపినప్పుడే నేనూ పిన్నీ మొహాలు చూసుకున్నాం. జిగురు తెమ్మని బాబాయికి ఫోన్ చేసింది నేనే."

ఆ ఏడాది వాళ్ళింటి పులుసులో ఒక్క పిక్కా తగల్లేదు.