గైరుహాజరు జీవుల విభాగంలో ఆదెప్ప

దెయ్యాలు సైతం దరఖాస్తు పెట్టుకోవలసిందేనని తేలిన ఏడాది ఉలిగమ్మ సంచి సర్దుకుంది. నీళ్ళ సీసా, చిత్రాన్నం డబ్బా, కళ్ళద్దాలు, అట్ట ఊడిన నిఘంటువు, పిన్నులు కూడా తీయని కొత్త చొక్కా. ఒక్కొక్కటీ రెండుసార్లు తడిమి చూసుకుని సోమందేపల్లిలో పెనుకొండ బస్సెక్కింది.

రేషన్ కార్డులో ఆమె తమ్ముడు ఆదెప్ప పేరుంది, మనిషి లేడు. బెంగళూరు పనికి వెళ్ళినవాడు. పేరు కొట్టేస్తామని నోటీసు వచ్చింది. కార్డులో ఉంటే తమ్ముడు ఇంట్లో ఉన్నట్టేనని ఆమె నమ్మకం.

పెనుకొండ ఆఫీసులో గైరుహాజరు జీవుల నిర్ధారణ విభాగం మూడో కిటికీలో ఉంది. (మొదటి రెండు కిటికీలు మూడోదానికి దారి చెప్పడానికి.) అధికారి ఓబుళప్ప తల ఎత్తకుండా అడిగాడు.

"అవ్వా, మీ తమ్ముడు దెయ్యమా, భూతమా, ప్రేతమా? ఈడ మూడే ఉండాయి."

"మనిషప్పా."

"అది పోయిన నెలే తీసేసినారు."

అతని కంప్యూటర్లో ఆ మూడింటిలో ఏది నొక్కినా పేరు పోతుంది. ఉలిగమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని నిఘంటువు తెరిచింది.

"దెయ్యమనే మాట దైవం నుంచే పుట్టిందంట, చూడు."

"అట్లయితే ఫైలు దేవాదాయ శాఖకు పోవాల. హుండీ యాడ పెడతావు?"

"భూతమంటే నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం."

"ఐదు శాఖల అనుమతి కావాల. ఫైరింజనోళ్ళు సంతకం పెట్టరు, ముందే చెప్తాండా."

వెనక వరుసలోంచి శ్యామలమ్మ అనే ఆవిడ అరిచింది. "మా అత్తను దెయ్యం కింద రాయప్పా! బతికే ఉండాది గానీ అన్ని అర్హతలూ ఉండాయి!"

వరుసంతా నవ్వింది. (నవ్వడానికి వేరే కిటికీ ఉందని బోర్డు.)

ఉలిగమ్మ ఇంకో పేజీ తిప్పింది. "ప్రేతమంటే వెళ్ళిపోయినవాడని. అంతే రాసినారు."

"ఇది సరిపోతాది" అని ఓబుళప్ప మీట మీద వేలు పెట్టాడు.

"ఆగప్పా! సాయంత్రం నువ్వూ మీ ఊరు ధర్మవరం వెళ్ళిపోతావు కదా?"

వేలు చటుక్కున వెనక్కి వచ్చింది. ఓబుళప్ప చెమట తుడుచుకుని నిబంధనల పుస్తకం తిరగేశాడు. పద్నాలుగో నిబంధన: పెద్దల అమావాస్యకు ఇంటివాళ్ళు కొత్త బట్టలు పెట్టినవారే మృతులు.

"బట్టలు పెట్టినావా?"

"ఏటా కొంటా. పెద్దల ముందర ఒక్కసారీ పెట్టలేదు."

చొక్కా బల్లమీదికి వచ్చింది. ఓబుళప్ప పిన్నులను భూతద్దంతో పరీక్షించి తీర్పు రాశాడు: మడత చెదరలేదు గనుక ఆదెప్ప సజీవుడు. పేరు ఉంచవచ్చు. వరుసంతా చప్పట్లు కొట్టింది. ఉలిగమ్మ చిన్నపిల్లలా నవ్వుతూ తీర్పు కాగితం కోసం చేయి చాచింది.

"నీకియ్యకూడదవ్వా. వారంలోగా ఆయప్పే వచ్చి తీసుకోవాల."

ఆదెప్ప 2011 ఫిబ్రవరి 9, బుధవారం, హిందూపురం స్టేషన్లో రైలెక్కాడు. తిరిగి రాలేదు.