కింద బంకు

సోమవారం పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సు పట్టుకుని విశాఖపట్నం వెళ్లాలి. అండమాన్ ఓడకి రెండు టికెట్లు తీసుకోవాలి. మధ్యాహ్నం భోజనం వేళకి అనకాపల్లి వచ్చేయాలి. ఈ సంగతి తామున్న గవరపాలెం పేటలో ఒక్కరికి కూడా తెలియకూడదు. అంతే.

త్రినాధరావు మిలిటరీలో పద్దెనిమిదేళ్లు చేసి హవల్దారుగా దిగినవాడు. అడిగితే చెబుతాడు. అడిగినంతే చెబుతాడు. ఆయన భార్య గంగాభవాని ఆ పద్దెనిమిదేళ్లూ ఉత్తరాలతో కాపురం చేసింది. ఆయన తిరిగొచ్చాక పన్నెండేళ్లనుంచి చుట్టాలతో చేస్తోంది. తమ్ముడు అబ్బులు లారీ ఎక్కడ దిగినా భోజనానికి అక్క ఇంటికే వస్తాడు. పక్కింటి నూకరత్నం పొద్దున్న పాలకని వస్తే పప్పులో పోపు వేసేదాకా లేవదు. మొగుడూ పెళ్లాలు నాలుగు ముక్కలు మాట్లాడుకుందామని కూర్చుంటే అయిదో ముక్కకి ఎవరో ఒకరు తలుపు కొడతారు.

కిందటేడు అరకు వెళ్దామనుకున్నారు. ఆ మాట నూకరత్నం చెవిన పడింది. పదమూడు మంది బయల్దేరారు. బొర్రా గుహలు అందరూ చూశారు. గంగాభవాని ఒక్కతీ బయట పదమూడు సంచులకి కాపలా కూర్చుంది. తిరిగొచ్చాక ఆవిడ మొగుణ్ని ఒక్కటే అడిగింది.

"ఈసారి తలుపు కొట్టీవోళ్లు లేని సోటికి తీసుకెళ్లండి."

ఆయన నెల్లాళ్లు ఆలోచించి, "సముద్రం మీదకి పోదాం," అన్నాడు.

ఓడ గురించి వాళ్లకేమీ తెలియదు. అడగడానికి తెలిసిన మనిషి ఒక్కతే, పూడిమడక నుంచి చేపలు తెచ్చి అమ్మే తలుపులమ్మ. ఆవిడ మొగుడూ కొడుకులూ సముద్రం మీదే బతుకుతారు. గంగాభవాని తలుపు దగ్గరగా వేసి, గట్టి మాట పుచ్చుకుని, సంగతి చెప్పింది.

తలుపులమ్మ గంప దించి చెప్పుకొచ్చింది. "ఓడలో గదులైతే కేబిన్లు, పడకలైతే బంకులు. బంకైతే నడిమధ్యన, కిందుండీదే అడగండమ్మా. ఊపు తక్కువుంటాది. ఖాళీ కడుపుతో ఎక్కకండి, నిండా తినీసి ఎక్కకండి. మరమరాలు, అల్లం ముక్క కొంగున కట్టుకో. తల తిరిగితే కాళ్లకేసి సూడకు, నీరూ ఆకాశం కలిసీకాడ సూడు. సంచి ఒక్కటే. నువ్వు మొయ్యగలిగిందే. ఓడ మెట్లు నిలువుగుంటాయి. మరి నెల దాటితే గాలి తిరిగిపోద్ది, ఎళ్తే ఇప్పుడే ఎళ్లండి."

"ఎవులికీ సెప్పకు తలుపులమ్మా."

"నాది సేపలమ్మీ నోరమ్మా. సేపల గురించే మాట్టాడతాది."

ఆవిడ నిజంగానే ఎవరికీ చెప్పలేదు. చెప్పింది త్రినాధరావే. అదీ ఒక్క మాటే.

పోర్టు దగ్గరి ఆఫీసులో గుమస్తా కేబిన్లు అయిపోయాయన్నాడు. "బంక్ క్లాసు ఉంది. పెద్ద హాలు. ఒకదాని మీద ఒకటి పడకలు. పై బంకా, కింద బంకా?"

"కింద. నడిమధ్యన."

పక్కపక్కనే రెండు దొరికాయి. ప్రయాణం గురువారం. తొమ్మిదింటికల్లా గేటు దగ్గరుండాలి, తర్వాత వస్తే లోపలికి పంపరు. త్రినాధరావు బయటికొచ్చి, టెలిఫోను బూతులోంచి నూకరత్నం ఇంటికి ఫోను చేశాడు. ఆ వరసలో ఫోను ఉన్నది ఆ ఇంట్లోనే. 2003లో ఇంకా అంతే.

"అన్నయ్యా, నువ్వా! ఎక్కణ్ణించి?"

"వైజాగ్. మీ వదినతో చెప్పు. బంకు దొరికిందని."

"ఏటి దొరికిందీ?"

"బంకు. కిందది. రెండు." పెట్టేశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట మిలిటరీనుంచి వచ్చిన కొత్తలో త్రినాధరావు మాజీ సైనికుల కోటాలో పెట్రోలు బంకుకి దరఖాస్తు పెట్టాడు. దానికి జవాబు రాలేదు. ఆయన మరిచిపోయాడు. వీధి మరిచిపోలేదు.

నూకరత్నం ఫోను పట్టుకునే మంచం మీద కూలబడింది. తర్వాత లేచి పరుగెత్తింది.

"వదినా! బంకు దొరికిందంట! ఒకటి కాదు, రెండంట!"

గంగాభవాని చేతిలో గరిటె వదిలేసింది. కేబినైనా బంకైనా ఏదో ఒకటి దొరికితే చాలునని పొద్దుటినుంచి దేవుడికి దండం పెట్టుకుంటోంది. కళ్లంట నీళ్లొచ్చేశాయి. "దొరికిందా తల్లీ! ఎన్నేళ్లనుంచి ఎదురు సూత్తన్నానో!"

"మరి మాకొక ముక్క సెప్పలేదేటి?"

"సెప్తే అందరూ వచ్చీత్తారని," అనేసి గంగాభవాని నాలుక కరుచుకుంది.

నూకరత్నానికి ఇంక అనుమానం ఏమీ మిగల్లేదు.

త్రినాధరావు రెండున్నరకి బస్సు దిగాడు. టీ కొట్టతను లేచి నిలబడ్డాడు. క్షౌరశాలలో సగం గడ్డం మీదున్న మనిషి నురగతోనే నమస్కారం పెట్టాడు. ఇంటి ముందు అబ్బులు లారీ అడ్డంగా ఆగి ఉంది. అబ్బులు చేతిలో బంతిపూల దండ ఉంది. పక్కన నూకరత్నం మొగుడు పరదేశి చేతులు కట్టుకుని ఉన్నాడు. బెల్లం కొట్లో దిమ్మలు తూచే పరదేశి ఇన్నేళ్లలో ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదు.

అబ్బులు దండ వేసేశాడు. "బావా! మాకాడ కూడా దాసీసేవు! ఎక్కడ బంకు?"

"వైజాగ్‌లో."

"వైజాగ్‌లో ఎక్కడ?"

"పోర్టు దగ్గర."

"పోర్టు దగ్గిరే!" అబ్బులు లారీ రేకు మీద గుద్దాడు. "లారీలన్నీ అక్కడే కదేటి! రెండూ నీ పేరు మీదేనా?"

"ఒకటి మీ అక్క పేరు మీద."

"కిందదంటే రోడ్డుకి కింద వైపా బావా?" అన్నాడు పరదేశి.

"అడుగున."

"ట్యాంకులు అడుగునే ఉంటాయి మరి," అని పరదేశి తల ఊపాడు. "ఎప్పట్నుంచి?"

"గురువారం. తొమ్మిది."

"ముహూర్తం కూడా పెట్టించీసేడు!" అన్నాడు అబ్బులు.

అప్పటికి త్రినాధరావుకి అర్థమైంది. దండతోనే వంటింట్లోకి వెళ్లాడు.

"పెట్రోలు బంకనుకుంటన్నారండీ," అంది గంగాభవాని గొంతు తగ్గించి. "నిజం సెప్పీద్దామా?"

"చెప్తే వాళ్లూ ఓడెక్కుతారు."

గంగాభవానికి పదమూడు సంచులు కళ్లముందు కనిపించాయి. "గురువారం దాకా ఊరుకుందాం," అంది.

ఊరుకోవడం త్రినాధరావుకి కష్టం కాదు. ఊరుకున్న కొద్దీ బంకు పెరిగింది. మంగళవారానికి అందులో గాలి మిషనూ, టీ కొట్టూ వచ్చి చేరాయి. పరదేశి తనంతట తానే మేనేజరు అయ్యాడు, సఫారీ సూటుకి కొలతలిచ్చి, బుధవారం సాయంత్రానికి కుట్టి తీరాలని దర్జీ ఇంటి ముందు కూర్చున్నాడు. అబ్బులు బ్యాండు మేళం మాట్లాడాడు. గుడ్డ మీద 'బంకు ప్రారంభోత్సవం' అని పెద్దక్షరాలతో రాయించాడు. ఏడాదిగా పలకరింపు లేని అబ్బులు పెళ్లాం వచ్చి, వదిన కాళ్లకి పసుపు రాసి, ఎందుకో ఏడ్చి వెళ్లింది. నూకరత్నం పాలకని రావడం మానేసింది. గుమ్మం అవతలే నిలబడి, "లోపలికి రావొచ్చా అండీ," అంది. పదిహేనేళ్లలో అండీ అనడం అదే మొదలు.

గంగాభవానికి అన్నం సహించలేదు. "మనం అబద్ధం సెప్పలేదు కదండీ?"

"లేదు."

"మరి నాకెందుకిలాగుంది?"

ఆయన తన కంచంలో అప్పడం తీసి ఆవిడ కంచంలో వేశాడు.

గురువారం అయిదున్నరకి ఇద్దరూ ఒక్క సంచితో చప్పుడు కాకుండా తలుపు తీశారు. మొదటి బస్సుకి జారుకోవాలని అనుకున్నారు. తలుపు తీయగానే బ్యాండు మోగింది. ఎదురుగా అబ్బులు లారీ ఉంది. అరటి పిలకలు, మామిడాకులు కట్టారు. వెనక ముప్పై మంది కూర్చున్నారు. మధ్యలో గుమ్మడికాయ ఉంది. ముందు సఫారీలో పరదేశి ఉన్నాడు.

"పద బావా. అక్కా, ఎక్కు."

బస్సు స్టాండు ఆ లారీకి అవతల ఉంది. ఎక్కారు.

లంకెలపాలెంలో టిఫిన్లకి ఆగారు. ముప్పై రెండు ప్లేట్ల ఇడ్లీ అయ్యేసరికి ఏడున్నర దాటింది. పరదేశి సఫారీ మీద చట్నీ పడితే అది కడగడానికి ఇంకో పావుగంట పట్టింది. గాజువాకలో అబ్బులు బండి మళ్లీ స్లో చేశాడు. "మా తోడల్లుడి ఇల్లిక్కడే. ఒక్క క్షణం దిగి, మా బావ ఈయనే అని సెప్పేసి వచ్చీద్దాం."

గంగాభవాని మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆయన గడియారం చూశాడు. ఎనిమిదీ ఇరవై. ఈ ఓడ తప్పితే ఇంకోటి నెలకి గాని లేదు, అప్పటికి గాలి తిరిగిపోతుంది. మళ్లీ ఏడాది.

త్రినాధరావు ఆ వారంలో చెప్పిన అతి పెద్ద మాట అప్పుడు చెప్పాడు. "తొమ్మిది దాటితే బంకు పోతుంది."

అబ్బులు ఇంక ఎక్కడా బ్రేకు తొక్కలేదు. వెనక బ్యాండువాళ్లు వాయించడం మానేసి తాళ్లు పట్టుకున్నారు. ఎనిమిదీ యాభైకి లారీ పోర్టు గేటు ముందు ఆగింది.

గేటు దగ్గరి జవాను గుడ్డ మీద రాతలు చదివాడు, బ్యాండుని చూశాడు, గుమ్మడికాయని చూశాడు. "ఎవరు మీరంతా?"

"బంకు ఓపెనింగుకి వచ్చేం," అన్నాడు అబ్బులు ఛాతీ విరిచి.

"బంకులు ఓడలో ఉంటాయి. టికెట్టు ఉన్నవాళ్లే లోపలికి."

అబ్బులు గిరుక్కున బావ వైపు తిరిగాడు. "ఓడకి పెట్రోలు కొట్టీ బంకా! బాబోయ్! లారీకే అంత పడతాదే, ఓడకెంత పడతాదో!"

ఇక ఊరుకోవడానికి వీల్లేదు. త్రినాధరావు టికెట్లు తీసి చేతిలో పెట్టాడు. "పడుకునే బంకు. ఇద్దరం అండమాన్ వెళ్తున్నాం."

అబ్బులు టికెట్టు తిప్పి చూశాడు. జవానుకి చూపించాడు. జవాను అవునన్నాడు. లారీ మీద ముప్పై మందీ మెడలు సాచి టికెట్టు వైపు చూశారు.

నూకరత్నం కిందకి దిగింది. "అంటే పెట్రోలు లేదా అన్నయ్యా?"

"లేదు."

"ఒక్క బంకైనా?"

"లేదు."

గంగాభవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్లు పడతాయనుకుంది, కాకపోతే మేమూ వస్తామంటారనుకుంది. ఏది ముందో అని చూస్తోంది.

"హమ్మయ్య!" అంది నూకరత్నం.

పైకే అనేసింది. అనేసి ఫుట్‌పాత్ మీద కూర్చుని నవ్వడం మొదలెట్టింది. "వదినా, మూడ్రోజులనుంచి ముద్ద దిగలేదే నాకు! ఈయన్ని సూడు, నీ మొగుడి కింద పనిసెయ్యడానికి బట్టలు కుట్టించుకున్నాడు. నాను రేపట్నుంచి నిన్నేటని పిలవాలో తెలీక సచ్చిపోతన్నాను!"

పరదేశి మెడ దగ్గర గుండీ విప్పుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "లెక్కలు రాయడం నాకు రాదు బావా. ఎలా సెప్పాలో తెలీక ఊరుకున్నాను."

అబ్బులు బావని కౌగిలించుకున్నాడు. "మా ఆవిడ మూడ్రోజులుగా ఏడుపే బావా. మీ బావకి రెండు బంకులు, నీకీ డొక్కు లారీ అని. ఇయాల ఇంటికెళ్లి సెప్తాను, కడుపునిండా తింటాది. గాని, ఓడకెళ్తన్నామని సెప్పొచ్చు కదా!"

"సెప్తే మీరూ వత్తారని," అంది గంగాభవాని. ఈసారి నాలుక కరుచుకోలేదు.

"మేమా!" అబ్బులు గేటులోంచి కనబడుతున్న ఓడని కిందనుంచి పైదాకా చూశాడు. "మూడ్రోజులు నీళ్ల మీద, దిగడానికి నేల లేకుండానా? కాలు పట్టుకు లాగినా రాం అక్కా."

లారీ మీద ముప్పై మందీ రామని తలలు ఊపారు. అరకుకి బయల్దేరిన మిగతా పదకొండు మందీ అందులోనే ఉన్నారు. గంగాభవాని ఏడాదినుంచి భయపడింది వీళ్లకే.

బ్యాండువాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని వాయించారు. ఆ నాలుగు రోజుల్లో అంత హుషారుగా ఎవరూ నవ్వలేదు. త్రినాధరావుకి బంకు లేదన్న సంతోషం మీద అందరూ ఆ దంపతులకి దగ్గరుండి సంచి అందించారు, బొట్టు పెట్టారు, జాగ్రత్తలు చెప్పారు. పరదేశి గుమ్మడికాయ గేటు ముందే కొట్టబోతే జవాను కేకలేశాడు. దాన్ని వెనక్కి తీసుకెళ్లి దప్పళం పెట్టుకుందామని తీర్మానించారు.

తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా ఇద్దరూ లోపల అడుగు పెట్టారు.

బంకు హాల్లో వందమంది పైగా ఉన్నారు. పిల్లలు, పెట్టెలు, మూటలు. వాళ్లలో ఒక్కరికీ గంగాభవాని ఎవరో తెలియదు. పాలు అడిగినవాళ్లు లేరు, పప్పు దింపావా అని అడిగినవాళ్లు లేరు. ఆవిడ తన పడక మీద కూర్చుని చేత్తో ఒకసారి తడిమి చూసుకుంది. తర్వాత ఇద్దరూ పైకి వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఓడ కదిలింది. ఒకసారి తల తిరిగినట్టయింది. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, నీరూ ఆకాశం కలిసే చోటికి చూసింది. సర్దుకుంది.

"ఇంక మూడ్రోజులు మనల్నెవరూ పిలవరండీ," అంది. ముప్పై ఏళ్లుగా దాచుకున్న కబుర్లన్నీ వినడానికి మొగుడి వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుంది.

త్రినాధరావు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఓడ రేవు ముఖాన ఉన్న డాల్ఫిన్ నోస్ కొండ దాటకముందే ఆయన మాటలన్నీ అయిపోయాయి.