కాల్చిన దుంపకు కాపలా కమిటీ

కాల్చిన బంగాళాదుంప ప్రాణాలు తీయగలదు. ఆ సంగతి తెలియక మన పెద్దవాళ్లు దాన్ని నిప్పుల్లో పొర్లించి, బూడిద దులిపి, తొక్కతో సహా నమిలేసి తొంభై ఏళ్లు బతికేశారు. పాపం, అజ్ఞానం!

మనం అలా కాదు. మనకు కమిటీలున్నాయి. ఆరుబయట విందంటే చాలు, తినేవాళ్లకంటే ముందు జాగ్రత్తలు చెప్పేవాళ్లు దిగుతారు. వీళ్లను చూసి విసుక్కునేవాళ్లున్నారు. నేను మాత్రం వీళ్లు మనకు దొరికిన వరమంటాను. చేతికి మసి అంటకుండా వంటలో పాలు పంచుకునే దారి ఇంకేముంది, మీరే చెప్పండి?

మా వదిన సంగతే చూడండి. ఆసుపత్రి క్యాంటీన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు వండి మొన్ననే రిటైరైంది. రోజుకు నాలుగు వందల మందికి వడ్డించింది. ఆమె చేతి తిండి తిని కడుపునొప్పి తెచ్చుకున్నవాడు లేడు. ఉన్నవాళ్లంతా ఆ నొప్పితోనే ఆసుపత్రికి వచ్చినవాళ్లు.

"రిటైర్మెంటుకు నీకేం కావాలి?" అని అన్నయ్య అడిగాడు.

"ఇంకొకళ్లు వండింది, కూర్చుని, వేడిగా తినాలి. అంతే."

అంత చిన్న కోరిక! ఇంటిల్లిపాదీ కదిలిపోయాం. ఆ ఊపులోనే కమిటీ వేసేశాం.

అధ్యక్షుడు మా బావ, అంటే మా అక్క మొగుడు. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. నలుగురెక్కే లిఫ్టులో ఐదోవాడి నీడ పడినా దిగిపోయి మెట్లెక్కే మనిషి. ఆయన ఆధ్వర్యంలో మూడు వారాల్లో నాలుగు మీటింగులు జరిగాయి. దుంపల మీద మట్టి పోయేదాకా తోమాలని, ఫోర్కుతో పొడవాలని, చేతులు సబ్బుతో కడుక్కోవాలని తీర్మానించాం. ఓవెన్‌లోంచి తీశాక వేడి అరవై డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గిన దుంప రెండు గంటలు బయటుంటే జాలిపడకుండా చెత్తబుట్టలో వేయాలి. ఇవన్నీ రంగు రంగుల చార్టు మీద రాసి పెరటి గోడకు అంటించాం. బావ ఒక థర్మామీటరు కొన్నాడు. దాన్ని చొక్కా జేబులో పెన్నులా పెట్టుకు తిరిగాడు.

ఒక్క మనిషిని మాత్రం సలహా అడగలేదు. వదినను. అడిగితే సర్‌ప్రైజ్ పాడైపోదూ?

ఆదివారం పొద్దున నలభై మంది చుట్టాలూ స్నేహితులూ పెరట్లో చేరారు. నలభై దుంపలకు నలభై అల్యూమినియం రేకులు చుట్టి ఓవెన్‌లో కాల్చాం. వదినను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాం. కోడిపెట్ట గుడ్లను కప్పినట్టు దుంపలన్నిటినీ ఒకే తొట్టిలో సర్ది, మూతపెట్టి, ఆమెకు కనిపించేలా ఎండలో బల్ల మీద ఉంచాం. ఆ తర్వాత మైకు అందుకున్నాం.

వదిన వంట గురించి బావ అరగంట మాట్లాడాడు. అన్నయ్య ఇరవై నిమిషాలు మాట్లాడి, పదినిమిషాలు ముక్కు చీదాడు. నేను నలభై నిమిషాలు. చదువుకున్నవాణ్ణి, అంతకంటే తగ్గితే బాగుండదు.

మధ్యలో వదిన చెయ్యెత్తింది. తొట్టి వైపు చూపిస్తూ ఏదో అంది. మైకు హోరులో వినపడలేదు.

"చూశారా వినయం? పొగడొద్దంటోంది," అన్నాడు బావ.

ఇంకాస్త పొగిడాం. ఆమె లేచి నిలబడి రెండు చేతులూ ఊపింది. మేమూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. చివరికి ఆమెకు బహుమతి ఇచ్చాం: ఓవెన్ గ్లౌజులు, మోచేతుల దాకా వచ్చేవి. అప్పుడు గానీ మైకు ఆమె చేతికి వెళ్లలేదు.

వదిన కృతజ్ఞతా ప్రసంగం పూర్తి పాఠం ఇది: "రెండున్నర గంటలైంది. రేకు విప్పండి, మళ్లీ ఓవెన్‌లో పెట్టండని అప్పట్నుంచీ మొత్తుకుంటున్నా. గాలాడకుండా చుట్టి చల్లారబెడితే లోపల విషం పుట్టొచ్చు. వాసన రాదు, రుచి మారదు. ఎవరూ ముట్టుకోకండి. పారేయండి."

చార్టు చూస్తే చార్టూ అదే అంటోంది. బావ స్వయంగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టి, చెత్తబుట్టలో వేశాడు. క్రమశిక్షణ అంటే అదీ!

ఇక మిగిలింది నలభై ఆకలి కడుపులు, వంటింట్లో ఇంకో బస్తా పచ్చి దుంపలు. అందరి తలలూ ఎటు తిరిగాయో నేను చెప్పాలా?

"నిన్ను లేవమనను చెల్లెమ్మా. ఓవెన్ ఎంతలో పెట్టాలో చెప్పు చాలు," అన్నాడు బావ.

"ముందు దుంపలెవరు తోముతారో చెప్పండి అన్నయ్యగారూ."

బావ అన్నయ్యను చూశాడు. అన్నయ్య నన్ను చూశాడు. నేను చార్టును చూశాను. అందులో ఏ పని ఎవరిదో పేర్లు రాసే గడి పెట్టడం మరిచిపోయాం. వదిన కొత్త గ్లౌజులు తీసుకుని లోపలికి నడిచింది. బహుమతి ఇచ్చినరోజే అక్కరకు రావడం ఎంత అదృష్టం!

ఈసారి రేకుల్లేవు. పదేసి దుంపలు తీయడం, మిగతావి ఓవెన్‌లోనే వేడిగా ఉంచడం, చీల్చి వెన్న వేసి చేతికివ్వడం. తొక్క పెళపెళ, లోపల మెత్తన. బావ వెనకే తిరుగుతూ ప్రతి ప్లేటులో థర్మామీటరు గుచ్చి, "డెబ్బై రెండు, తినొచ్చు," అని ప్రకటించాడు. అంతకంటే శ్రమ పడినవాణ్ణి నేను చూడలేదు.

వదిన మొదటి వాయిలోనే తనకోసం ఒకటి ప్లేటులో వేసి పక్కన పెట్టుకుంది. కూర్చోబోతే, "వదినా, ఇటు చీజ్." మళ్లీ కూర్చోబోతే, "అత్తా, నాకు కాస్త పెద్దది." నిలబడ్డ మనిషిని అడగడం తేలిక కదా. అందరికీ రెండేసి అందాక వచ్చి కుర్చీలో కూలబడి, ప్లేటు ఒళ్లోకి తీసుకుంది.

బావ ఒక్క ఉరుకున వచ్చాడు. థర్మామీటరు దింపాడు. వాచీ చూశాడు.

"ముప్ఫై నాలుగు డిగ్రీలు. తీసి రెండు గంటల పది నిమిషాలు. నీ ఆరోగ్యంతో ఆటలాడలేను చెల్లెమ్మా." ప్లేటు లాక్కుని చెత్తబుట్టలో బోర్లించాడు.

వదిన అరవలేదు. "ఓవెన్‌లో ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

ఉన్న ఆ ఒక్కటీ అప్పుడే తీసుకున్నాను, నా మూడోది. చేతిలోనే ఉంది. బావ అందులోనూ థర్మామీటరు గుచ్చాడు. డెబ్బై ఒకటి. నియమాల ప్రకారం ఏ లోపమూ లేదు. అందుకని తినేశాను.