మెట్లెక్కిన గొంతు

ఆ రోజు పొద్దున్నే టెలిఫోన్ ఆపరేటరమ్మ భర్త కంటే ముందే నిద్ర లేచింది. ఆ ఇంట్లో అది విశేషమే.

"ఒంట్లో బాగాలేదా?" దుప్పట్లోంచే అడిగాడు భర్త.

"బాగుండటానికే లేచాను. మీ అక్క చెప్పింది," అంటూ ఆమె గ్లాసుడు నీళ్లు గటగటా తాగేసింది.

ఆ అక్క డాక్టరు. నెల తిరిగేసరికి మరదలికి జలుబు చేసి గొంతు బొంగురుపోవడం చూడలేక, రోగనిరోధక శక్తి పెరగాలంటే ఏం చెయ్యాలో ఫోన్లో ఏకరువు పెట్టింది. వేళకు నిద్ర, పళ్లు, కూరగాయలు, చేతులు శుభ్రంగా కడుక్కోవడం అన్నీ అలవాటయ్యాయి. ఒళ్లు వంచి వ్యాయామం చెయ్యడం ఒక్కటే రేపు, ఎల్లుండి అంటూ వాయిదా పడుతోంది. తీరా చూస్తే ఆ సాయంత్రమే రికార్డింగు. ఆమె పనిచేసేది కిటికీ అద్దాలు అమ్మే కంపెనీలో. అక్కడికి ఎవరు ఫోన్ చేసినా ముందుగా వినిపించే పలకరింపును ఆమె గొంతుతో రికార్డు చేస్తారు. పోయినసారి ముక్కు దిబ్బడ పుణ్యమా అని ఆ అవకాశం చేజారింది. అందుకే ఇవాళ్టి నుంచి ఆరో అంతస్తులోని ఆఫీసుకు మెట్లెక్కే వెళ్లాలనుకుంది.

నాలుగో అంతస్తు మలుపులో క్యాషియరు ఎదురయ్యాడు. వేడివేడి కబురు చల్లారేదాకా నోట్లో దాచుకోలేని మనిషి.

"ఏమ్మా, మెట్లెక్కుతున్నారు? లిఫ్టు పాడైందా?"

లేదని చెప్పడానికి ఆమెకు ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని చెయ్యి అడ్డంగా ఊపింది.

"అయ్యయ్యో, పూర్తిగా పోయిందా!" అంటూ ఆయన అక్కడినుంచే వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి చూసిన పాపాన పోలేదు. 'లిఫ్టు పనిచేయదు' అనే బోర్డు మాత్రం చెయ్యి చాచి తగిలించి, మెకానిక్‌కి కబురు పెట్టాడు.

కాసేపటికి ఆఫీసంతా రొప్పుతూ మెట్లమీదుగా లోపలికి వస్తుంటే ఆపరేటరమ్మ మురిసిపోయింది. "అందరికీ ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో!" అనుకుంది.

మెకానిక్ వచ్చాడు. లిఫ్టు శుభ్రంగా తిరుగుతోంది. అయినా పిలిపించుకున్నాక ఏమీ చెయ్యకుండా పోతే ఏం బాగుంటుందని, పైన పెట్టె తెరిచి ఏదో బిగించడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు, ఫోన్ చెవికి ఆనించుకుని, బోర్డు వంక కూడా చూడకుండా లిఫ్టెక్కాడు. ఐదో అంతస్తు అందీ అందకుండా లిఫ్టు ఆగిపోయింది.

"ఎవరక్కడ! ఊపిరాడట్లేదు!" మేనేజరు కేకలు మెట్లన్నిటా వినిపించాయి.

"ఇందాకటిదాకా బాగానే తిరిగింది సార్!" పైనుంచి అరిచాడు మెకానిక్.

"మరి ఎందుకు విప్పావయ్యా?"

"పాడైందన్నారు కదా సార్!"

కోపంతో ఫోన్ చేసేవాళ్లను చల్లబరచడం ఆపరేటరమ్మకు రోజూ ఉండే పనే. అందరూ ఆమెనే ముందుకు తోశారు. ఆమె లిఫ్టు తలుపు సందు దగ్గర నోరు పెట్టింది.

"సార్, కంగారు పడకండి! కంగారు పడితే రోగనిరోధక శక్తి తగ్గుతుందట!"

"ఏం తగ్గుతుంది?"

"రోగనిరోధక శక్తి!"

"సరిగ్గా వినపడట్లేదమ్మా! మాట్లాడటం మాత్రం ఆపకు!"

ఆమె ఆపలేదు. వేళకు నిద్రపోవడం దగ్గర్నుంచి చేతులు కడుక్కోవడం దాకా డాక్టరమ్మ చెప్పిందంతా అరిచి అరిచి అప్పజెప్పింది. అయిపోతే మళ్లీ మొదలుపెట్టింది. లిఫ్టు కదిలేసరికి మేనేజరు కుదుటపడ్డాడు. ఆపరేటరమ్మ గొంతు మాత్రం ఎండుటాకులు నలిపినట్టు గరగరలాడుతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాడైందని మీరే కదమ్మా చెయ్యూపారు!" అన్నాడు క్యాషియరు బిక్కమొహంతో.

"లేదని ఊపాను," అంది ఆమె. ఆ మాట ఆమెకే వినపడలేదు.

సాయంత్రం రికార్డింగు చేసేవాడు వచ్చి, ఆ గొంతు విని సామాను సర్దేసుకోబోయాడు. మేనేజరు అడ్డం పడ్డాడు.

"ఎక్కడికయ్యా? ఇందాక నా ప్రాణం నిలబెట్టింది ఈ గొంతే. ఇదే కావాలి. పెట్టు మైకు!"

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆపరేటరమ్మ మెట్లెక్కడం మానలేదు, ఒక్కసారైనా తుమ్మలేదు. ఆఫీసుకు ఫోన్ చేసినవాళ్లు మాత్రం, రికార్డులోని ఆ బొంగురు పలకరింపు విని, అద్దాల సంగతి తర్వాత, ముందు కాస్త ఆవిరి పట్టుకోమన్నారు.