పొగ పోయేదాకా ఆట

మార్చి రెండో శనివారం ఉదయం పదకొండుంబావుకు పేల్చిన పొగ డబ్బా తాలూకు నారింజ రంగు పొగ నెల తిరిగినా మైదానం వదిలి పోలేదు కనుక, అందులో ఉండిపోయిన తొమ్మిదిమంది ఉద్యోగులూ ఇంకా ఆడుతున్నట్టే కంపెనీ పరిగణించింది. వాళ్లు సెలవు పెట్టనక్కర్లేదని ఇళ్లకు మెయిలు కూడా పంపింది.

కంపెనీ చేసే పని బీమా క్లెయిములు పరిశీలించడం. ఏడాదికోసారి ఉద్యోగులను హైదరాబాదు శివార్లలో ఉన్న ఎయిర్‌సాఫ్ట్ మైదానానికి తీసుకెళ్లి, ఎర్ర పట్టీ, నీలం పట్టీ కట్టి, చేతికి తుపాకులిచ్చి ఐకమత్యం నేర్పిస్తారు. ఇందులో వాడేవి చిన్న ప్లాస్టిక్ గుళ్లు. తగిలితే చురుక్కుమంటుంది గానీ పెయింట్‌బాల్‌లో లాగా బట్టలకు రంగు అంటదు. కాబట్టి తగిలిందో లేదో తగిలినవాడే చెప్పాలి. చెయ్యెత్తి ‘తగిలింది’ అని నిజాయితీగా బయటికి నడవాలి. మొత్తం ఆట ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. రోజంతా ఇతరుల దెబ్బలు నిజమా అబద్ధమా అని తేల్చే మనుషులకు ఇంతకంటే తగిన ఆట దొరకదని యాజమాన్యం ముచ్చటపడింది.

మైదానం మధ్యలో పాతిన జెండా ఏ టీము చేజిక్కించుకుంటే ఆ టీము గెలిచినట్టు. పొగ ఉండగా జెండా ఎవరి చేతిలో ఉందో కనపడదు, జెండా కనపడకుండా ఆట నడిపే మార్షల్ ఆఖరి విజిల్ ఊదకూడదు. ఇది మైదానం నియమం. పొగ డబ్బా తయారు చేసినవాళ్లకు ఉత్తరం రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. డబ్బా మీద తొంభై సెకన్లని రాసిన మాట నిజమే, అది తొంభై సెకన్లు పొగ వదులుతుందనే, వదిలిన పొగ ఎప్పుడు పోవాలన్నది డబ్బా చేతిలో లేదని. మంటలార్పేవాళ్లు వచ్చి చూసి, నిప్పు కనపడలేదు గనుక ఇది తమ పని కాదని సంతకం పెట్టి వెళ్లారు. పెళ్లిళ్లలో పెట్టే పెద్ద ఫ్యాన్లు నాలుగు తెప్పించి తిప్పితే, పొగ కాస్త పక్కకు జరిగి ఫ్యాన్లను కూడా తనలో కలుపుకుంది.

ఈలోగా పని ఆగకూడదు కదా. ల్యాప్‌టాపులను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, అన్నం పొట్లాలతో పాటు తాడు కట్టి లోపలికి లాగించారు. పొగలో ఒకరి మొహం ఒకరికి కనపడక కబుర్లు తగ్గాయి, క్లెయిముల తిరస్కరణ పెరిగింది. దాంతో పై ఆఫీసు సంతోషించి, చివరిదాకా తగలకుండా నిలిచినవాడికే టీమ్ లీడర్ పోస్టని ప్రకటించింది. అప్పటినుంచి తొమ్మిదిమందిలో ఒక్కరికి కూడా ఏమీ తగల్లేదు.

ఆ తొమ్మిదిమందిలో త్రినాథ్ ఒకడు. అతనికి ఉబ్బసం.

అతని భార్య రోహిణి రోజూ వచ్చి, మైదానం చుట్టూ కట్టిన వల దగ్గర నిలబడేది. లోపల దగ్గుతున్నవాళ్లందరిలో అతని దగ్గు ఆమెకు తెలుసు. చివర్లో సన్నగా ఈల వస్తుంది. జేబులో పెట్టుకెళ్లిన ఇన్‌హేలర్ అయిదో వారం మంగళవారంతో అయిపోయిందని అతనే అరిచి చెప్పాడు. ఇంటి నుంచి మందు పంపితే బయటి సాయం కిందికి వస్తుందన్నారు. రెండుసార్లు పెరుగన్నం పొట్లంలో దాచి పంపింది గానీ ఆ పొగలో ఎవరి పొట్లం ఎవరికి అందిందో దేవుడికే తెలియాలి. శుక్రవారానికి దగ్గు పోయి ఈల ఒక్కటే మిగిలింది. రోహిణి గేటు దగ్గరున్న కంపెనీవాళ్ల దగ్గరికి వెళ్లింది.

హెచ్‌ఆర్ మృదుల కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, ఓపిగ్గా వివరించింది. “మేం ఎవర్నీ ఆపట్లేదండీ. తగిలిందని ఒక్క మాట అంటే చాలు, గేటు దాకా మేమే తీసుకొస్తాం. ఆయనే అనట్లేదు.”

“మనిషికి ఊపిరాడ్డం లేదండీ.”

“క్లెయిమ్ ఆయన పెట్టాలి కదండీ. మీరు పెడితే చెల్లదు.”

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. రోహిణి లేచి మార్షల్ ఎల్లేశ్ దగ్గరికి వెళ్లింది. నెల రోజులుగా విజిల్ మెళ్లో వేసుకుని, ఊదే వీలు లేక ఎండలో కూర్చున్న మనిషి.

“లోపలికి పోవాల్నంటే ప్లేయర్ లెక్కనే పోవాలె మేడమ్,” అన్నాడతను. “సార్‌ది ఎర్ర టీము. నువ్వు నీలం పట్టీ కట్టుకో. నువ్వు కొట్టి, సార్‌కు తాకిందంటే సార్ బయటికొస్తడు. నీకు తాకితే చెయ్యెత్తి నువ్వు బయటికి రావాలె. తాకినోళ్లు లోపల ఎవ్వరికి ఏమియ్యొద్దు, మళ్ల లోపలికి పోవద్దు.”

“తాకకపోతే?”

“తాకకుంటే ఉండుడే.”

రోహిణి గుళ్లు కళ్లకు తగలకుండా ఇచ్చే అద్దాలు పెట్టుకుంది. హ్యాండ్‌బ్యాగు నుంచి కొత్త ఇన్‌హేలర్ తీసి జాకెట్టులో దోపుకుని, పట్టీ కట్టించుకుని, తుపాకీ పట్టుకుని పొగలోకి నడిచింది. పది అడుగుల తర్వాత తన చెయ్యి తనకే కనపడలేదు. పాత టైర్లు మోకాళ్లకు తగులుతున్నాయి. ఎటు చూసినా కీబోర్డుల చప్పుడు. ఆమె రెండు మూడు సార్లు ఆగి, ఊపిరి బిగబట్టి, ఈల కోసం చెవి పెట్టింది. ఎడమ పక్క నుంచి వచ్చింది. తర్వాత చాలాసేపు రాలేదు. ఆ మధ్య కాలం ఎంతో చెప్పడం కష్టం. మళ్లీ వచ్చింది, ఈసారి చాలా దగ్గర్లో.

అక్కడ పొగ కాస్త పలచబడి, ఒక డ్రమ్ముకు పక్కగా చేరగిలబడిన వీపు కనపడింది. నీలం గళ్ల చొక్కా, తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. రెండడుగుల దూరం నుంచి రోహిణి కాల్చింది. వీపు అదిరింది.

“ఏమండీ, తగిలింది. చెయ్యెత్తండి.”

త్రినాథ్ తల తిప్పాడు. పెదాలు నల్లబడ్డాయి. “నువ్వెందుకొచ్చీసేవు? పాపేదీ?”

“అక్క దగ్గరుంచేను. చెయ్యెత్తండి ముందు.”

“తగల్లేదు.”

“నేను చూసేను.”

“చొక్కా మడతకి తగిల్నట్టుంది,” అన్నాడు, ఒక్కొక్క మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. “అది లెక్కలోకి రాదు.”

చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మిగిలిన ఎనిమిదిమందీ వింటున్నారు. ఎదుటి టీము మనిషి రెండడుగుల్లో ఉంటే కాల్చని ఆటగాడిని కుమ్మక్కు కింద తీసేస్తారని అందరికీ తెలుసు. త్రినాథ్ తుపాకీ ఎత్తాడు. కాల్చాడు.

గుండు రోహిణి మెడ కింద ఎముకకు తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“వెళ్లిపో,” అన్నాడతను మెల్లగా. “చెయ్యెత్తి వెళ్లిపో. పాప నీకోసం చూస్తుంటుంది.”

బయటి నుంచి ఎల్లేశ్ గొంతు వినపడింది. “మేడమ్, తాకిందా?”

భర్త ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గరి గుంటలు లోపలికి పోయి రావడం ఆమె చూసింది.

“లేదండీ,” అంది గట్టిగా. “తగల్లేదు.”

కీబోర్డులు మళ్లీ మొదలయ్యాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఇన్‌హేలర్ అతని నోటికి పెట్టి నొక్కింది. ఎదుటి టీము చేతి నుంచి మందు తీసుకోవడం గురించి నియమాల్లో ఎక్కడా లేదు, రాసినవాళ్లకు ఆ ఊహే రాలేదు. రెండు పీల్పుల తర్వాత ఈల తగ్గింది. ఇన్‌హేలర్ మీటరులో నూట పద్దెనిమిది మిగిలాయి. రోజుకు నాలుగు చొప్పున నెల దాకా వస్తాయి. అప్పుడు రోహిణి భర్త భుజానికి తల ఆన్చి కాసేపు ఏడ్చింది. అతను ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కున్నాడు.

మర్నాడు తాడు వెంట పది పొట్లాలు వచ్చాయి. ఆట తెగేదాకా ఖాళీగా కూర్చోవడం దేనికని కంపెనీ ఆమెకూ ఒక ల్యాప్‌టాప్ పంపింది. పని పెద్ద కష్టమేమీ కాదు, సాయంత్రానికి నలభై క్లెయిములు తిరస్కరించింది.

అయిదు గంటలకు అక్క ఫోన్ చేసింది.

“ఎలాగున్నారే?”

“బావున్నాం అక్కా. ఆయన పనిలో ఉన్నారు. నేనూ పక్కనే ఉన్నాను.”

“గొంతేటి అలాగుంది?”

“కొంచెం పొగగా ఉందిక్కడ. అంతే.”

“పాప స్కూల్లో మెట్ల మీంచి పడిందే. మోకాలు చీరుకుపోయింది. రక్తం వస్తన్నా నోరు మెదపలేదట, టీచరమ్మే చూసి కట్టు కట్టింది. నువ్వోసారి మాటాడు.”

ఫోన్లో చిన్న ఊపిరి వినపడింది. త్రినాథ్ కూడా ఫోన్ దగ్గరికి చెవి తెచ్చాడు.

“దెబ్బ తగిలిందా తల్లీ?” అనడిగింది రోహిణి.

“తగల్లేదమ్మా,” అంది పాప.

“మంచి పిల్లవి,” అన్నారిద్దరూ.